కోట గెలిచాడు.. హోదా దక్కలేదు

పామిడిముక్కల: బెజవాడ నుంచి బందరు వరకు పరచుకున్న ఈ పల్లపు నేల 1759 మార్చి నెలాఖరున రెండు సైన్యాల నడుమ చిక్కుకుంది. కృష్ణ ఒడ్డున బెజవాడలో నిజాం సలాబత్ జంగ్ దండు దిగింది. సముద్రతీరాన బందరు కోటలో ఫ్రెంచివారు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఆ కోటకు ఎదురుగా ఇసుక దిబ్బలపై ఫిరంగులు నిలిపిన ఇంగ్లిషు దండుకు ముందు చూస్తే కోట, వెనక్కి తిరిగితే నిజాం. ఇప్పటి ఉయ్యూరు, పామిడిముక్కల, పామర్రు ప్రాంతాల ఊళ్లన్నీ ఆ రెండు శిబిరాల మధ్య దారిలోనివే. ఆ ఇంగ్లిషు దండు నాయకుడి పేరు కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్.

ఆ తరువాత పక్షం రోజులు తిరగకముందే ఫోర్డ్ కోటను పట్టుకున్నాడు. మరో అయిదు వారాలకు నిజాం సంధి పత్రంపై ఒప్పుకోలు తెలిపాడు. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యం ఆ దెబ్బతో ముగిసింది. బందరు చరిత్ర రాసిన ప్రతివారూ ఈ ఘట్టాన్ని ప్రస్తావించారు. అయితే ఇంతటి విజయం సాధించిన సేనాని హోదాను అతడు సేవించిన ఈస్టిండియా కంపెనీయే ఆమోదించలేదన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. నాటి సైనికాధికారుల పదోన్నతి నిబంధనలు ఎంత చిక్కుముడిగా ఉండేవో ఫోర్డ్ జీవితం చూస్తే తెలుస్తుంది.

రాజుగారి దొరలు, కంపెనీ దొరలు

ఫోర్డ్ ఐర్లాండుకు చెందినవాడు. డౌన్ జిల్లాలోని సీఫోర్డ్ అతని కుటుంబపు ఊరు. భూస్వామ్య కుటుంబాల్లో ఆస్తి పెద్ద కొడుకుకు పోతే, మిగిలిన వారు సైన్యంలోనో చర్చిలోనో కొలువు వెతుక్కోవడం ఆ కాలపు రివాజు. ఫోర్డ్ సైన్యంలో చేరాడు. 39వ పదాతి దళంలో కెప్టెన్‌గా పనిచేసి 1755లో మేజర్ అయ్యాడు. ఆ దళానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇంగ్లండు రాజు సొంత సైన్యం నుంచి భారతదేశానికి వచ్చిన మొదటి పటాలం అదే. 1754లో అది మద్రాసులో దిగింది. ఆ గౌరవాన్ని తెలిపే లాటిన్ బిరుదును ఆ పటాలం తరువాతి కాలంలో తన చిహ్నంపై ధరించింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఆనాడు మన తీరంలో తెల్ల అధికారులు రెండు రకాలు. మొదటి రకం ఇంగ్లండు రాజు సంతకంతో కమిషన్ పొందినవారు. రెండో రకం మద్రాసు, బొంబాయి, కలకత్తాలలోని కంపెనీ ప్రభుత్వాలు కమిషన్ ఇచ్చినవారు. ఇద్దరి దుస్తులూ ఎరుపే, ఇద్దరి భాషా ఒకటే. కానీ ఒకే హోదాలో ఉన్న ఇద్దరు ఒకచోట కలిస్తే రాజుగారి అధికారిదే పైచేయి. కంపెనీ కెప్టెన్ ఇరవై ఏళ్లుగా ఆ హోదాలో ఉన్నా సరే, నిన్న మొన్న ఓడ దిగిన రాజుగారి కెప్టెన్ ఆజ్ఞకు లోబడాలి. ఈ నిబంధన కంపెనీ అధికారుల గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. 1788 వరకు దానిని సడలించలేదు.

పదోన్నతి మార్గాలు కూడా వేర్వేరు. రాజుగారి సైన్యంలో కమిషన్‌ను డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కొలువు విడిచే వేళ అమ్ముకోవచ్చు. ఒక రకంగా అది స్థిరాస్తి వంటిది. ఈ క్రయవిక్రయాలు 1871 వరకు సాగాయి. కంపెనీ సైన్యంలో ఆ పద్ధతి లేదు. అక్కడ సీనియారిటీయే సర్వస్వం. పైవాడు చనిపోతేనో, స్వదేశానికి వెళ్లిపోతేనో కిందివాడు ఒక మెట్టు ఎక్కుతాడు. పైగా మేజర్, ఆపై హోదాలు కంపెనీలో బహు స్వల్పం. అందువల్ల వరుసలో లేనివాడు హఠాత్తుగా పైన వచ్చి కూర్చుంటే కిందనున్న ప్రతి ఒక్కరి భవిష్యత్తూ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. సీనియారిటీ పద్ధతి ప్రతిభను అణచివేస్తుందన్న విమర్శ నిజమే. అయినా లండన్‌లో పలుకుబడి ఉన్నవారి చుట్టాలు నెత్తిన ఎక్కకుండా సామాన్య అధికారిని కాపాడింది కూడా ఆ పద్ధతే.

రెండు రకాల దొరల నడుమ కలహాలు 39వ దళం రాకతోనే మొదలయ్యాయి. ఆ దళాధిపతి కల్నల్ అడ్లర్‌క్రాన్‌కు, మద్రాసు కౌన్సిల్‌కు పొసగలేదు. 1756లో కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి సేనను పంపవలసి వచ్చినప్పుడు కౌన్సిల్ అతడిని పక్కనబెట్టి క్లైవ్‌ను ఎంపిక చేసింది. మరుసటి సంవత్సరం జనవరిలో కలకత్తా కోట చేజిక్కగానే దానిపై అధికారం ఎవరిదన్న తగవు వచ్చింది. నౌకాదళాధిపతి వాట్సన్ ఆజ్ఞతో కోటలో ప్రవేశించిన 39వ దళ కెప్టెన్ ఐర్ కూట్ ఒకవైపు, క్లైవ్ మరోవైపు పట్టుబట్టారు. శత్రువు గుమ్మంలో ఉండగానే సాగిన తగవు ఇది.

క్లైవ్ పిలుపు

39వ దళాన్ని స్వదేశానికి రమ్మని ఉత్తర్వులు వచ్చాయి. ఆ సమయంలోనే కలకత్తా నుంచి ఫోర్డ్‌కు ఆహ్వానం అందింది. బెంగాల్‌లో కంపెనీ సైన్యానికి క్లైవ్ తరువాతి స్థానంలో ఉండమని ఆ పిలుపు సారాంశం. 1758లో ఫోర్డ్ అంగీకరించాడు. రాజుగారి కమిషన్‌ను వదులుకుని కంపెనీ సేవలో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. చేతిలోని ఆస్తిని విడిచి మాట మీద ఆధారపడిన కొలువులో చేరడమే ఇది. ఎందుకంటే కలకత్తా కౌన్సిల్ ఇచ్చిన హోదాకు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్ల ఆమోదముద్ర పడాలి. లండన్‌కు ఉత్తరం చేరడానికి ఆరు నెలలు, జవాబు రావడానికి మరో ఆరు నెలలు పట్టే రోజులవి. ఈలోగా ఆ అధికారి యుద్ధాలు చేస్తూనే ఉండాలి.

ఫోర్డ్ కలకత్తాలో కుదురుకోకముందే సర్కారుల నుంచి కబురు వచ్చింది. తెలుగువారికి సుపరిచితమైన బొబ్బిలి యుద్ధపు కొనసాగింపే ఈ కబురు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో బొబ్బిలి కోటను నేలమట్టం చేసిన విజయనగర ప్రభువు విజయరామరాజు, తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. అతని వారసుడు ఆనంద గజపతికి, ఫ్రెంచివారికి చెడింది. 1758లో బుస్సీని పాండిచ్చేరికి రమ్మని లాలీ పిలిపించడంతో సర్కారులలో ఫ్రెంచి బలం సన్నగిల్లింది. అదను చూసి ఆనంద గజపతి విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లిషువారి సాయం కోరాడు. కలకత్తా కౌన్సిల్‌లో చాలామందికి ఈ సాహసం నచ్చలేదు. క్లైవ్ పట్టుబట్టి ఫోర్డ్‌ను పంపాడు. 500 మంది ఐరోపా సైనికులు, 2000 మంది బెంగాల్ సిపాయిలతో అతడు అక్టోబరు 20న విశాఖలో దిగాడు.

హోదాల ప్రస్తావన వచ్చింది కనుక బుస్సీ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. దక్కనులో ఏళ్ల తరబడి రాజ్యాలను శాసించిన బుస్సీ హోదాలో లెఫ్టినెంట్ కల్నల్ మాత్రమే. ఫ్రాన్సు నుంచి లాలీతో వచ్చిన కల్నళ్లందరూ నిబంధన ప్రకారం అతని కంటే పైవారే. అయితే ఆ కల్నళ్లలో ఆరుగురు తమంతట తామే సంతకాలు చేసి బుస్సీని తమకంటే పై స్థానంలో ఉంచమని కోరారు. కులీన కుటుంబాలవారు ఇలా తమ హక్కు వదులుకోవడం ఆ సైన్యాల్లో అరుదు. ఫోర్డ్ విషయంలో ఇంతటి ఔదార్యం ఎవరూ చూపలేదు.

చందుర్తి నుంచి ఏలూరు దాకా

బుస్సీ స్థానంలో వచ్చిన కాన్‌ఫ్లాన్స్‌కు ఈ ప్రాంతపు యుద్ధ రీతులు కొత్త. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతంలోని చందుర్తి వద్ద రెండు సేనలూ తలపడ్డాయి. ఎర్ర దుస్తుల్లో ఉన్న బెంగాల్ సిపాయిలను చూసి ఫ్రెంచివారు తెల్ల సైనికులనుకుని తమ బలమంతా వారిమీదనే ప్రయోగించారు. సిపాయిలు వెనక్కి తగ్గగానే వరుస తప్పి తరుముకొచ్చారు. పంటచేల చాటున ఉన్న అసలు తెల్ల పటాలం అప్పుడు పక్కనుంచి విరుచుకుపడింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం దాకా ఆగకుండా పారిపోయాడు.

గెలిచినా ఫోర్డ్ చేతిలో పైకం లేదు. నెలకు 50 వేల రూపాయలు యుద్ధ వ్యయం కింద ఇస్తానన్న ఆనంద గజపతి చెల్లింపులు వాయిదా వేస్తూ పోయాడు. రాజు వైపు నుంచి చూస్తే అతని సంకోచం అర్థం కానిది కాదు. జయించిన లోనాడు తనకు, రేవులు కంపెనీకి అన్న ఒప్పందం తప్ప అతని చేతిలో ఏమీ లేదు. ఇంగ్లిషువారు ఓడెక్కి వెళ్లిపోతే ఫ్రెంచివారి పగకు బలయ్యేది తానే. ఈ బేరసారాల్లో జనవరి నెలాఖరు వచ్చేసింది. ఇకపై ఇచ్చే సొమ్మును అప్పుగా లెక్కించాలని, గోదావరికి ఆవలి శిస్తును చెరిసగం పంచుకోవాలని కొత్త ఒప్పందం కుదిరాకే దండు కదిలింది. ఫిబ్రవరిలో ఏలూరు చేరింది. అక్కడినుంచి కెప్టెన్ నాక్స్ వెళ్లి నరసాపురాన్ని స్వాధీనం చేసుకున్నాడు. కొల్లేటి సీమ మీదుగా సాగిన సైన్యం మార్చి 6న బందరు పొలిమేర చేరింది.

ఉప్పుటేరుల మధ్య కోట

నాటి బందరు రెండు భాగాలు. జనం ఉండే పేట ఒకటి, దానికి దాదాపు మైలున్నర దూరంలో సముద్రం పక్కన కోట మరొకటి. రెండింటి నడుమ బురద పర్ర. దాని మీదుగా సన్నని కట్ట బాట. మూడు వైపుల బురద, నాలుగో వైపు ఉప్పునీటి కాలువ ఉన్న ఆ కోటకు 11 బురుజులు. 1750 నుంచి అది ఫ్రెంచివారి అధీనంలో ఉంది. లోపల సుమారు 500 మంది ఐరోపావారు, 2000కు పైగా సిపాయిలు. ముట్టడి వేసినవారి కంటే ముట్టడిలో ఉన్నవారే ఎక్కువ. సాధారణ యుద్ధ నీతి ప్రకారం ఇది తలపెట్టదగిన పని కాదు.

ఫోర్డ్ ఈశాన్య దిక్కునున్న ఇసుక దిబ్బల వద్ద ఫిరంగులు నెలకొల్పాడు. సముద్రంలో నిలిచిన హార్డ్‌విక్ ఓడ నుంచి మందుగుండు, పెద్ద ఫిరంగులు దిగాయి. కొద్ది రోజులకే కష్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఫ్రెంచి సేనలో ఒక భాగం వెనుకనుంచి వెళ్లి రాజమహేంద్రవరాన్ని తిరిగి ఆక్రమించింది. ఉత్తరం నుంచి డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. సలాబత్ జంగ్ బెజవాడకు చేరాడన్న వార్త వచ్చింది. ఆనంద గజపతి తన దండుతో ఇంటిదారి పట్టబోయాడు. నిజాం గుర్రపు దళం, రాజమహేంద్రవరం ఫ్రెంచి దళం మధ్య చిక్కి నశించడం ఖాయమని ఫోర్డ్ నచ్చజెప్పి ఆపాడు. నిజాం శిబిరానికి రాయబారం పంపి కొంత కాలయాపన సాధించాడు.

వీటన్నింటికీ మించినది సొంత సైనికుల తిరుగుబాటు. మార్చి మూడో వారంలో ఐరోపా సైనికులు ఆయుధాలు పట్టి వెళ్లిపోతామని బెదిరించారు. జీతం బాకీ పడింది. కోట గెలిస్తే వచ్చే దోపిడీ సొమ్ములో సగమే సైనికులకు, మిగతా సగం కంపెనీకి అన్న నిబంధన వారికి నచ్చలేదు. మొత్తం తమకే కావాలన్నారు. ఫోర్డ్ వారి ప్రతినిధులతో మాట్లాడాడు. నిబంధనను మార్చే అధికారం తనకు లేదని, కంపెనీ వాటాను కూడా సైనికులకే వదలమని డైరెక్టర్లకు తాను సిఫారసు చేస్తానని మాట ఇచ్చాడు. సైనికులు శాంతించారు. తన హోదాకే ఆమోదం రాని అధికారి సైనికుల వాటా కోసం అదే డైరెక్టర్ల వద్ద పూచీ పడ్డాడన్నది గమనించదగిన విషయం.

ఏప్రిల్ 7 అర్ధరాత్రి

ఏప్రిల్ తొలివారంలో భారీ వర్షం కురిసి బురద మరింత పెరిగింది. ఏడో తేదీకి ఫిరంగి మందు రెండు రోజులకు మించి లేదని లెక్క తేలింది. ముట్టడి ఎత్తి ఓడెక్కడమా, కోట మీద పడడమా రెండే దారులు. ఫోర్డ్ రెండోది ఎంచుకున్నాడు. బందరు మత్స్యకారులకు పోటు, పాటు లెక్కలు ఎంత ముఖ్యమో ఆ రాత్రి అతనికీ అంతే ముఖ్యమయ్యాయి. అర్ధరాత్రి వేళ పాటు మీద ఉన్నప్పుడు కందకంలో నీరు తగ్గుతుంది. ఆ ఘడియనే ముహూర్తంగా పెట్టుకున్నాడు.

మూడు వైపుల నుంచి కదలిక. కెప్టెన్ నాక్స్ 700 మంది సిపాయిలతో నైరుతి పర్రలో దిగి ఉత్తుత్తి దాడి చేయాలి. ఆనంద గజపతి మనుషులు కట్ట బాట మీదుగా కోట గుమ్మం వద్ద కలకలం లేపాలి. అసలు దాడి ఈశాన్య బురుజు మీద. 346 మంది ఐరోపావారు, మిగిలిన సిపాయిలు మోకాటి లోతు బురదలో నడిచి కందకం దాటారు. వీరిలో హార్డ్‌విక్ ఓడ నావికులూ ఉన్నారు. ముళ్ల కంపను తెంచి బురుజు ఎక్కారు.

లోపల జరిగిన పోరులో ఒక ఘట్టాన్ని చరిత్రకారులు ప్రత్యేకంగా రాశారు. కెప్టెన్ యార్క్ తన జట్టుతో బురుజు వెంట బురుజు పట్టుకుంటూ సాగుతుండగా దారిలో చిన్న ఇటుకల గది కనిపించింది. అది మందుపాతర అని ఎవరో అరవడంతో జట్టంతా వెనక్కి పరుగెత్తింది. యార్క్ వెంట మిగిలింది డప్పు వాయించే ఇద్దరు కుర్రవాళ్లు. ఆ ఇద్దరూ డప్పు మోగిస్తూనే నిలబడ్డారు. యార్క్ వెనక్కి వెళ్లి చెదరినవారిని పోగుచేసి మళ్లీ తెచ్చాడు. ఆ తరువాతి కాల్పుల్లో కుర్రవాళ్లు ఇద్దరూ నేలకొరిగారు. యార్క్ రెండు తొడలకూ గుండ్లు తగిలాయి. డప్పు కుర్రవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ లేవు.

తెల్లవారకముందే కాన్‌ఫ్లాన్స్ షరతులతో లొంగిపోతానని కబురు పంపాడు. షరతులు లేవని ఫోర్డ్ జవాబిచ్చాడు. కోట వశమయ్యింది. 120 ఫిరంగులు, పుష్కలంగా మందుగుండు దొరికాయి. ఇంగ్లిషువారి పక్షాన 22 మంది ఐరోపావారు చనిపోగా 62 మంది గాయపడ్డారు. సిపాయిల్లో 50 మంది మృతి చెందగా 150 మంది క్షతగాత్రులయ్యారు. కట్ట బాట మీద ఫిరంగుల ఎదుట నిలిచిన రాజు మనుషులకు మరింత నష్టం జరిగింది. మరో వారానికి 300 మంది సైనికులతో రెండు ఫ్రెంచి ఓడలు బందరు తీరానికి వచ్చాయి. అప్పటికే కోట మీద జెండా మారిపోయింది.

సలాబత్ జంగ్ మనసు కూడా మారింది. హైదరాబాదులో తమ్ముడు నిజాం అలీ ఎత్తులు అతడిని కలవరపెడుతున్నాయి. మే 14న సంధి జరిగింది. బందరు సర్కారును ఎనిమిది జిల్లాలతో సహా, నిజాంపట్నం సర్కారును, కొండవీడు, వాకలమన్నారు ప్రాంతాలను ఇనాముగా కంపెనీకి ఇచ్చాడు. ఏడాదికి నాలుగు లక్షల రూపాయల రాబడి గల తీరభూమి అది. ఫ్రెంచివారిని కృష్ణకు ఆవలికి పంపివేస్తానని మాటిచ్చాడు. యుద్ధానికి డబ్బిచ్చి, మనుషులను బలిపెట్టిన ఆనంద గజపతి పేరు మీద ఒక్క ఊరు కూడా రాయలేదు. అతడు నిరాశతో అంతకుముందే తన దేశానికి తిరిగి వెళ్లాడు. కొద్దికాలానికే మరణించాడు.

లండన్ నుంచి వచ్చిన ఉత్తరం

1759 చివరి నెలల్లో ఫోర్డ్ కలకత్తా చేరాడు. ఆరోగ్యం దెబ్బతింది. సన్మానానికి బదులు ఎదురైంది డైరెక్టర్ల నిర్ణయం. కలకత్తా కౌన్సిల్ చేసిన నియామకాన్ని వారు ఆమోదించలేదు. రాజుగారి కమిషన్ ఎప్పుడో వదులుకున్నాడు, కంపెనీ కమిషన్ నిలవలేదు. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత ఇలాంటి స్థితికే పుట్టి ఉండాలి.

డైరెక్టర్ల పక్షాన ఒక మాట చెప్పవలసి ఉంది. ఓడల ప్రయాణ కాలాన్ని లెక్కిస్తే, ఆ ఉత్తరం రాసేనాటికి ఏప్రిల్ నాటి బందరు విజయం లండన్‌కు తెలిసే అవకాశం లేదు. వారి కంటికి ఫోర్డ్ బయటినుంచి తెచ్చిపెట్టిన మరో పెద్ద జీతగాడు మాత్రమే. పైగా తమ అనుమతి లేకుండా కలకత్తా కౌన్సిల్ పదవులు పంచిపెట్టడం వారికి సహించరానిది. అయితే నిబంధన కాగితం మీద ఎంత సబబైనా, అది పడిన మనిషికి జరిగినది అన్యాయమే. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి తరువాత కూడా తొందరపడినవారు లేరు.

ఫోర్డ్ స్థానంలో మరొకరైతే మొదటి ఓడకే వెళ్లిపోయేవారు. సరిగ్గా అప్పుడే డచ్చివారి సేన హుగ్లీ నదిలోకి వచ్చింది. బటావియా నుంచి వచ్చిన ఆ నౌకల్లో 700 మంది ఐరోపావారు, 800 మంది మలయా సైనికులు ఉన్నారు. క్లైవ్ మళ్లీ ఫోర్డ్‌నే పిలిచాడు. కమిషన్ లేని కల్నల్ సేనాధిపత్యం స్వీకరించాడు. ఇంగ్లండుకు, హాలండుకు నడుమ శాంతి ఉన్నందున తన చర్యకు లిఖితపూర్వక అధికారం కావాలని కోరాడు. హోదా విషయంలో తిన్న దెబ్బ తరువాత అతడు కాగితం అడగడంలో వింత లేదు. ఆ చీటీ అందేసరికి క్లైవ్ పేకాటలో ఉన్నాడని, చేతిలోని పేక ముక్క వెనుకే పెన్సిలుతో యుద్ధానికి అనుమతి రాసి పంపాడని ప్రసిద్ధి. కౌన్సిల్ ఉత్తర్వు మరునాడు పంపుతానన్నాడు. 1759 నవంబరు 25న చిన్సురా సమీపంలో అరగంటలోపే డచ్చి సేన తుడిచిపెట్టుకుపోయింది. ఏడాది వ్యవధిలో చందుర్తి, బందరు, చిన్సురా మూడు విజయాలు ఒకే మనిషివి. ఫోర్డ్ స్వదేశానికి వెళ్లిపోయాడు.

అదే కోటలో దొరల తిరుగుబాటు

హోదాల తగవు ఫోర్డ్‌తో ఆగలేదు. సరిగ్గా 50 ఏళ్లకు అదే బందరు కోటలో మరో రూపంలో బద్దలైంది. 1796లో కంపెనీ సైన్యానికి కొత్త పదోన్నతి నిబంధనలు వచ్చినా, మంచి పదవులు రాజుగారి అధికారులకే పోతున్నాయన్న గొణుగుడు తగ్గలేదు. దానికి గుడారాల కాంట్రాక్టు సొమ్ము రద్దు తోడయ్యింది. 1809 జూన్‌లో బందరులోని మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అధికారులు తమ కమాండరు కల్నల్ ఇన్నెస్‌నే నిర్బంధించారు. బుజ్జగించడానికి మద్రాసు నుంచి జాన్ మాల్కం దిగిరావలసి వచ్చింది. చరిత్రలో దీనిని తెల్ల అధికారుల తిరుగుబాటుగా వ్యవహరిస్తారు.

డెల్టా రైతుకు ఎక్కువగా తెలిసిన దొరలు యుద్ధం చేసినవారు కారు, కాలువలు తవ్వించినవారు. వారు కూడా సైనికాధికారులే. 1852-55 మధ్య బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట కట్టించిన ఓర్ మద్రాసు ఇంజినీర్ల దళంలో కెప్టెన్. పని సివిల్ ప్రభుత్వానిది, హోదా సైన్యానిది. ఎన్ని వేల ఎకరాలకు నీరు పారించినా సైనిక హోదా మాత్రం దళంలోని వరుస క్రమం ప్రకారమే పెరిగేది. 1857 తిరుగుబాటు అనంతరం కంపెనీ సైన్యం బ్రిటిష్ ప్రభుత్వ పరమయ్యాక, 1861లో ఏర్పడిన స్టాఫ్ కోర్‌లో సర్వీసు కాలాన్ని బట్టి పదోన్నతి ఇవ్వసాగారు. 12 ఏళ్లకు కెప్టెన్, 20 ఏళ్లకు మేజర్, 26 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ అన్నది నాటి లెక్క. ఖాళీ కోసం పైవాడి చావుకై ఎదురుచూసే దుస్థితి ఆ మేరకు తప్పింది.

ఈ లెక్కలన్నీ తెల్లవారికే. బందరు గోడలెక్కిన సిపాయికి జమాదారు, సుబేదారు పదవులతో దారి మూసుకుపోయేది. ఎంత ముసలి సుబేదారైనా కొత్తగా వచ్చిన కుర్ర ఇంగ్లిషు అధికారికి సలాం చేయవలసిందే. భారతీయులకు రాజుగారి పూర్తి కమిషన్ దక్కడం మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏళ్లలో గాని మొదలుకాలేదు. ఫోర్డ్‌కు జరిగిన అన్యాయానికి కనీసం ఒక పేరు, ఒక దస్త్రం ఉన్నాయి.

అరోరా ఓడ

పదేళ్ల తరువాత డైరెక్టర్లకు ఫోర్డ్ మళ్లీ గుర్తుకొచ్చాడు. బెంగాల్‌లో పాలన అవినీతిమయమై, కంపెనీ ఆదాయం తరిగిపోతున్న రోజులవి. పరిస్థితి చక్కదిద్దడానికి ముగ్గురు సూపర్‌వైజర్లను నియమించారు. బెంగాల్ మాజీ గవర్నర్ హెన్రీ వాన్సిటార్ట్, ల్యూక్ స్క్రాఫ్టన్, మూడోవాడు ఫోర్డ్. భారతదేశంలోని కంపెనీ ప్రభుత్వాలన్నింటి మీదా వారికి అధికారం. గవర్నర్లు కూడా వారి మాటకు లోబడాలి. లెఫ్టినెంట్ కల్నల్ హోదాకు తగడన్న మనిషికే ఈసారి అంతటి పెత్తనం కట్టబెట్టారు.

1769 సెప్టెంబరులో ముగ్గురూ అరోరా అనే యుద్ధనౌకలో ఇంగ్లండు నుంచి బయలుదేరారు. డిసెంబరులో ఆఫ్రికా కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రం చేరి, అదే నెల 27న అక్కడినుంచి తెరచాప ఎత్తారు. ఆ తరువాత ఆ ఓడ ఎవరి కంటా పడలేదు. నౌకాభంగం మీద కావ్యం రాసి పేరు గడించిన ఆంగ్ల కవి విలియం ఫాల్కనర్ కూడా అందులో ఉద్యోగిగా ఉన్నాడు. ఓడ మునిగిన చోటు తెలియదు. ఫోర్డ్‌కు సమాధి లేదు.

అతడు గెలిచిన కోట మరో శతాబ్దం పాటు ఇంగ్లిషు దండుకు స్థావరంగా నిలిచింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరులో సుమారు 30 వేల మందిని పొట్టనబెట్టుకుంది. ఆ తరువాత సైన్యం కోటను విడిచిపెట్టింది. ఈశాన్య బురుజు జాడ లేదు. బందరు కోట ప్రాంతంలో శిథిల కట్టడాలు కొన్ని మిగిలాయి. చుట్టూ ఉప్పుటేరులో పోటు, పాటు నడుస్తూనే ఉన్నాయి.